గౌట్ వాపుకు పండ్లు పనిచేస్తాయా? తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు, అని తేలితే చాలు, మరుసటి రోజు నుంచే తలా ఒక సలహా మొదలవుతుంది. ఒకరు చెర్రీ తినమంటారు, ఇంకొకరు పరగడుపున ఉసిరి రసం తాగమంటారు, మరొకరు మామిడిపండు వైపు కూడా చూడొద్దంటారు. ఆహార సలహాలు చెప్పడం నా పని. తిరుపతిలో ఉండేవాళ్లు, చిత్తూరు పల్లెల నుంచి వచ్చేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గౌట్ వాపు మీద పనిచేయగల పదార్థాలు పండ్లలో నిజంగానే ఉన్నాయి. కానీ మనం తినే మోతాదులో వాటి మేలు చిన్నది, నెమ్మదిగా కనిపించేది. డాక్టరు రాసిన మందు వేసుకుంటూ పండు తింటే లాభం, మందు మానేసి తింటే నష్టం.

కీళ్ల నొప్పులన్నీ గౌటేనా?

కాదు. మోకీళ్లు అరిగినా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చినా, చికున్‌గున్యా తర్వాత వేళ్లు పట్టేసినా మన ఇళ్లలో అన్నిటినీ వాతం కిందే జమకట్టేస్తారు. గౌట్‌కు కారణం వేరు. ఒంట్లో కణాలు పాతబడి పోయేటప్పుడు, మాంసం, చేపలు లాంటివి అరిగేటప్పుడు ప్యూరిన్లు అనే పదార్థాలు బయటపడతాయి. అవి చివరికి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. అందులో సుమారు మూడింట రెండు వంతులు కిడ్నీలు, మిగతాది పేగులు బయటికి పంపాలి. గౌట్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఈ పంపడమే సరిగా జరగదు.

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక పూర్తిగా కరిగి ఉండలేదు. గ్లాసు నీళ్లలో ఉప్పు వేస్తూ పోతే ఒక దశ దాటాక అడుగున రవ్వగా మిగిలిపోయినట్టు, అది కీళ్లలో సన్నటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. పాదం ఒంట్లోకెల్లా చల్లగా ఉండే చోటు, చల్లదనానికి స్ఫటికం ఇంకా తొందరగా కడుతుంది. అందుకే తొలి దెబ్బ ఎక్కువగా కాలి బొటనవేలి మొదలు మీద, అదీ అర్ధరాత్రి దాటాక పడుతుంది. ఎర్రగా కమిలి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి.

మగవాళ్లలో ఇది ఎక్కువ. ఆడవాళ్లలో నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ కొంత కాపాడుతుంది, ఆ తర్వాత వాళ్లకూ వస్తుంది.

రిపోర్టులో యూరిక్ యాసిడ్ 7.4 ఉంది, నొప్పి ఏమీ లేదు. నాకు గౌట్ ఉన్నట్టేనా?

లేదు. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం గౌట్ రాదు. అలాగే నొప్పి తీవ్రంగా ఉన్న రోజున పరీక్ష చేస్తే అంకె మామూలుగా కనిపించవచ్చు కూడా. వాపు తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్క అంకె చూసి టెన్షన్ పడి పప్పు, కూర అన్నీ మానేసిన వాళ్లను చూస్తుంటాను. అది అనవసరం.

స్ఫటికాలు ఉంటే ఉన్నాయి. అంత మంట, వాపు ఎందుకు?

పండ్ల సంగతి అర్థం కావాలంటే ఇది తెలియాలి. వాచిన కీలు నుంచి సూదితో ఒక్క చుక్క ద్రవం తీసి, గాజు పలక మీద వేసి, పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెడతారు. రెండు కొసలూ వాడిగా ఉన్న సన్నటి స్ఫటికాలు మెరుస్తూ కనిపిస్తాయి. పలకను తిప్పితే ఒక వైపు పసుపుగా, ఇంకో వైపు నీలంగా రంగు మారతాయి. వాటిలో కొన్ని తెల్ల రక్తకణం లోపలే ఇరుక్కుని ఉంటాయి. శత్రువు అనుకుని ఆ కణం వాటిని మింగేసింది, అరిగించుకోలేకపోయింది.

మింగిన కణం లోపల ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రొటీన్ల గుంపు మేల్కొంటుంది. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సందేశాన్ని బయటికి వదులుతుంది. ఆ సందేశం అందుకుని ఇంకా వేల కణాలు వచ్చి పడతాయి. వాపు, వేడి, ఎరుపు అన్నీ దాని పనే. ఈ దారిని 2006లో స్విట్జర్లాండ్‌లోని యూర్గ్ చాప్ బృందం చూపించింది. 

అంటే అడ్డుకోవాల్సిన చోట్లు రెండు. ఒకటి, యూరిక్ యాసిడ్‌ను తయారుచేసే గ్జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. రెండు, స్ఫటికాన్ని చూసి రెచ్చిపోయే ఈ వాపు యంత్రాంగం. పండ్లలో ఏ పదార్థం మంచిదని విన్నా, ఈ రెండింటిలో దేని మీద పనిచేస్తుందో అడగండి.

పండ్లలో ఆ పదార్థాలు ఏమిటి?

నేరేడు, చెర్రీ, నల్ల ద్రాక్షలకు ఆ ముదురు రంగునిచ్చే ఆంథోసయానిన్లు. ఆపిల్ తొక్కలోనూ ఉల్లిపాయలోనూ ఉండే క్వెర్సెటిన్. ఉసిరి, దానిమ్మల వగరులో ఉండే గాలిక్, ఎలాజిక్ ఆమ్లాల కుటుంబం. మామిడిలో మాంజిఫెరిన్. జామ, ఉసిరి, నిమ్మల్లో విటమిన్ సి. ల్యాబులో వీటిలో చాలావాటికి గ్జాంథిన్ ఆక్సిడేజ్‌ను నెమ్మదింపజేసే గుణమో, వాపు సందేశాన్ని తగ్గించే గుణమో కనిపించింది.

మరి ల్యాబులో కనిపించింది మన కాలి వేలిదాకా ఎందుకు రాదు? రెండు కారణాలు. తిన్న ఆంథోసయానిన్లలో రూపు మారకుండా రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మిగతాదాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు చేసేస్తుంది. ఆ ముక్కలు కూడా కొంత మేలు చేస్తాయి గానీ, ల్యాబులో కణాల మీద పోసినంత మోతాదు మన రక్తంలో ఎప్పుడూ ఉండదు.

రెండో కారణం ఎలుకలు. ఎలుకల ఒంట్లో యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది యూరిక్ యాసిడ్‌ను విరగ్గొట్టేస్తుంది. మనుషుల పూర్వీకులు ఆ ఎంజైమును కోటి ఏళ్లకు పైగా కిందటే పోగొట్టుకున్నారు. కాబట్టి పరీక్షకు ముందు ఎలుకకు పొటాషియం ఆక్సొనేట్ ఇచ్చి, ఆ ఎంజైమును ఆపి, కృత్రిమంగా యూరిక్ యాసిడ్ పెంచుతారు. అలాంటి ఎలుకలో ఏదో పండు సారం బాగా పనిచేసిందని వార్త వస్తే, అది ఇంకా మొదటి మెట్టేనని గుర్తుపెట్టుకోండి.

చెర్రీ గురించి చెప్పేది నిజమేనా?

పండ్లన్నిటిలో గౌట్ రోగుల మీద ఎక్కువగా పరీక్షించింది చెర్రీనే. 1950లో టెక్సాస్‌లో లుడ్విగ్ బ్లౌ అనే ఆయన 12 మంది రోగులకు చెర్రీలు పెట్టి, నొప్పులు తగ్గాయని రాశారు. పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేదు కాబట్టి దాన్ని రుజువు అనలేం. 2003లో కాలిఫోర్నియాలో ఆరోగ్యంగా ఉన్న పదిమంది ఆడవాళ్లకు 280 గ్రాముల చెర్రీలు పెడితే కొన్ని గంటల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ కాస్త తగ్గింది.

పెద్ద పేరు వచ్చింది 2012 నాటి అధ్యయనానికి. బోస్టన్ పరిశోధకులు 633 మంది గౌట్ రోగులను ఏడాది పాటు గమనించారు. నొప్పి వచ్చిన రోజులకు ముందు రెండు రోజులు ఏం తిన్నారు, నొప్పి లేని రోజులకు ముందు ఏం తిన్నారు అని అదే మనిషిలో పోల్చారు. చెర్రీ తిన్న రోజుల తర్వాత దాడి, అంటే గౌట్ నొప్పి ఒక్కసారిగా లేచే ముప్పు 35 శాతం తక్కువ. చెర్రీతో పాటు యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అలోప్యూరినాల్ అనే మందు కూడా వేసుకున్నవాళ్లలో 75 శాతం తక్కువ. ఈ రెండో అంకెను మన వాట్సాప్ సందేశాలు మింగేస్తాయి. మందూ పండూ కలిసినప్పుడే ఆ ఫలితం.

అయితే అది తినిపించి చూసిన పరీక్ష కాదు, రోగులు చెప్పింది రాసుకున్నది. 2020లో న్యూజిలాండ్‌లో 50 మంది గౌట్ రోగులకు 28 రోజులు పుల్ల చెర్రీ గాఢ రసాన్ని వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి చూస్తే యూరిక్ యాసిడ్‌లో మార్పే రాలేదు. రెండూ కలిపి చదివితే నాకు తోచేది ఇది: చెర్రీకి ఏదైనా బలం ఉంటే అది వాపును తగ్గించే వైపే, యూరిక్ యాసిడ్‌ను దించడంలో కాదు. పేరుకున్న స్ఫటికాలను అది కరిగించదు.

బేకరీలో దొరికే ఎర్ర చెర్రీలు తినొచ్చా?

దయచేసి వద్దు. కేకుల మీద, కిళ్లీల్లో పెట్టే ఆ ఎర్రటి గుండ్లు చాలావరకు వాక్కాయలే. గింజ తీసి, రంగు వేసి, పంచదార పాకంలో ఊరబెడతారు. అందులో మీకు అందేది పంచదార, రంగు. అసలు చెర్రీలు కశ్మీర్, హిమాచల్ నుంచి వేసవిలో కొద్ది రోజులు వస్తాయి, ధర మండిపోతుంది. వాటికోసం తపించాల్సిన పని లేదు.

మరి మన నేరేడు పండ్లు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. జూన్, జూలైల్లో తిరుపతి రోడ్ల పక్కన గంపల్లో, తోపుడుబండ్ల మీద నేరేడు పండ్లు కనిపిస్తాయి. శేషాచలం అడవి అంచుల్లో చిన్న కాయలవి, తోటల్లో అల్లనేరేడు పెద్దవి. ఉప్పు చల్లుకుని తింటే నాలుక ఊదారంగు అవుతుంది కదా, ఆ రంగు ఆంథోసయానిన్లదే. చెర్రీలో ఉన్నది ఎక్కువగా సయానిడిన్ రకం, నేరేడులో డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ రకాలు. కుటుంబం ఒకటే, సభ్యులు వేరు. కాబట్టి చెర్రీ మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి నేరేడుకు అంటించకూడదు. నేరేడుకు గౌట్ విషయంలో ఉన్న ఆధారం ల్యాబు, ఎలుకల స్థాయిదే.

అయినా నేను నేరేడు తినమనే చెబుతాను. తీపి తక్కువ, షుగర్ ఉన్నవాళ్లు కూడా కొలతగా తినొచ్చు. ధర అందుబాటులో ఉంటుంది. గౌట్‌తో పాటు షుగరు, బీపీ, బరువు కూడా ఉన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఇలాంటి పండు వాళ్లకు అన్ని విధాలా నప్పుతుంది. ఒక గుప్పెడు, తొక్కతో సహా. ఆ రంగు పదార్థం ఎక్కువగా తొక్కలోనే ఉంది, ఉమ్మేయకండి. గింజల పొడి షుగర్ మందులతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు, దాన్ని సొంతంగా వాడొద్దు.

ఉసిరి, జామ, నిమ్మ: విటమిన్ సి యూరిక్ యాసిడ్‌ను తగ్గిస్తుందా?

కొంచెం. కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను వెనక్కి లాక్కునే చోట విటమిన్ సి పోటీ పడి, ఇంకాస్త బయటికి పోయేలా చేస్తుంది. 13 పరీక్షలను కలిపి 2011లో లెక్క వేస్తే, రోజుకు 500 మిల్లీగ్రాముల దగ్గర సగటున తగ్గింది డెసిలీటరుకు 0.35 మిల్లీగ్రాములు. అంటే 8.5 ఉన్న మనిషి 8.15కు వస్తాడు. మనకు కావలసింది 6 కన్నా దిగువ. 2013లో నేరుగా గౌట్ రోగులకే 8 వారాలు ఇచ్చి చూసినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో గౌట్ కోసమని విటమిన్ సి మాత్రలు వేసుకోవద్దనే సూచించింది.

కాయగా తింటే మాత్రం ఆ మాటే వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల ఉసిరిలో సుమారు 250, జామలో 200కు పైగా మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంది. రోజుకో దోరజామ తింటే అవసరానికి మించి అందుతుంది, పీచు కూడా వస్తుంది. మాత్రలు పెద్ద మోతాదులో మింగితే కొందరికి కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వస్తాయి. ఉసిరికాయ పచ్చడితో తింటున్నాం కదా అంటే, అందులో ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి.

మామిడి సీజన్ వస్తోంది. మా నాన్నకు గౌట్. పూర్తిగా మానేయాలా?

చిత్తూరులో పుట్టి మామిడి తినొద్దనడం అంత తేలిక కాదు, అనను కూడా. కానీ దీని వెనక లెక్క తెలుసుకోండి.

పండులోని తీపిలో ఫ్రక్టోజ్ ఉంటుంది. లివర్ ఫ్రక్టోజ్‌ను పట్టుకునేటప్పుడు కణంలోని ఏటీపీ అనే ఇంధనాన్ని వేగంగా ఖర్చు పెట్టేస్తుంది. ఆ ఖర్చయిన ఇంధనం విరిగి విరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతుంది. గ్లూకోజ్‌తో ఇలా జరగదు. పంచదారలో సగం ఫ్రక్టోజే కాబట్టి తీపి ఎలా వచ్చినా లెక్కలోకి వస్తుంది.

పెద్ద బేనీషా కాయ ఒకటి కోస్తే గుజ్జు 200 గ్రాములు దాటుతుంది, అందులో చక్కెరలు 25 నుంచి 30 గ్రాములు. భోజనం తర్వాత నాలుగు ముక్కలు తింటే ఏమీ కాదు. దామలచెరువు, బంగారుపాళ్యం మండీల నుంచి బుట్ట ఇంటికొచ్చిందని ఒక్కపూట నాలుగు కాయలు లాగిస్తే ఆ రాత్రి వేలు గుర్తుచేయవచ్చు. బెంగుళూరా, అంటే తోతాపురి, దోరగా ఉన్నప్పుడు కారం ఉప్పు అద్దుకుని తింటే తీపి ఇంకా తక్కువ.

మాంజిఫెరిన్ సంగతి అడుగుతారు. అది వాపును తగ్గిస్తుందని ఎలుకల పరీక్షల్లో కనిపించింది. కానీ అది ఆకుల్లో, బెరడులో, తొక్కలో ఎక్కువ. మనం ఇష్టంగా తినే గుజ్జులో తక్కువ. మాంజిఫెరిన్ పేరు చెప్పుకుని మామిడిపండ్లు ఎక్కువ తినడానికి ఆధారం లేదు. మామిడాకుల కషాయం కాచుకుని రోజూ తాగండి అనడానికీ లేదు.

మన జిల్లాలో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఆ గుజ్జు చివరికి చేరేది మామిడి డ్రింకుల సీసాల్లోకి. గౌట్ ఉన్నవాళ్లు దూరం పెట్టాల్సింది చెట్టు మీది కాయను కాదు, పంచదార కలిపిన ఆ సీసాను.

జ్యూస్ తాగితే పండు తిన్నట్టే కదా?

కాదు. 2008లో వచ్చిన ఒక అధ్యయనం 46 వేల పైచిలుకు మగవాళ్లను 12 ఏళ్లు గమనించింది. రోజుకు రెండు లేదా అంతకు మించి తీపి కూల్‌డ్రింకులు తాగేవాళ్లకు గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువ ఉంది. పండ్ల రసం ఎక్కువగా తాగేవాళ్లలోనూ ముప్పు పెరిగింది.

జ్యూస్ అంగట్లో ఒకసారి నిలబడి చూడండి. గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు, పిప్పి బుట్టలోకి పోతుంది, పైన రెండు చెంచాల పంచదార, ఐసు. పిప్పితో పాటు పీచు పోయింది, పైగా తీపి ఒక్క గుక్కలో లివర్‌కు చేరింది. అదే కాయను ఒలుచుకుని తొనలుగా తింటే ఒకటి రెండుతో ఆపేస్తాం. చెరకు రసం సంగతి చెప్పనక్కర్లేదు. నిమ్మకాయ నీళ్లు పంచదార లేకుండా అయితే బాగుంటాయి. నిమ్మలోని సిట్రేట్ మూత్రంలో ఆమ్లత్వాన్ని తగ్గించి రాళ్లు కట్టకుండా కొంత సాయపడుతుంది.

అనాస, బొప్పాయి వాపు తగ్గిస్తాయంటారు?

అనాసలో బ్రొమెలైన్, పచ్చి బొప్పాయిలో పపైన్ అనే ఎంజైములు ఉన్నాయి. బ్రొమెలైన్ ఎక్కువగా ఉండేది మనం పారేసే కాండంలోనే. దాంతో చేసిన మాత్రలను దెబ్బల వాపులకు రాస్తుంటారు. గౌట్ దాడిని అవి ఆపుతాయనడానికి బలమైన ఆధారం లేదు. ఇష్టమైతే పండుగా తినండి.

త్రిఫల చూర్ణం వాడమన్నారు. ఉపయోగం ఉందా?

త్రిఫలలో ఉన్నవి కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, మూడూ కాయలే, మూడూ మన అడవుల్లో దొరికేవే. ఇందులో తానికాయ మీద హైదరాబాద్ నిమ్స్ వైద్యులు చేసిన పరీక్ష 2016లో అచ్చయింది. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్న వంద పైచిలుకు మందిని గుంపులుగా చేసి, కొందరికి కరక్కాయ సారం, కొందరికి తానికాయ సారం, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొందరికి యూరిక్ యాసిడ్‌ను తగ్గించే ఫెబుక్సోస్టాట్ అనే మందు 24 వారాలు ఇచ్చారు. తానికాయ సారం రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్నవాళ్లలో యూరిక్ యాసిడ్ గుర్తించదగ్గంత తగ్గింది. ఫెబుక్సోస్టాట్ మాత్రం అంతకన్నా బాగా పనిచేసింది.

మన తెలుగు నేల మీద, మనుషుల మీద, పద్ధతిగా జరిగిన పరీక్ష కాబట్టి నాకు దీని మీద గౌరవం ఉంది. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. కానీ అక్కడ వాడింది కొలత ఖచ్చితంగా ఉన్న సారం, అంగట్లో దొరికే చూర్ణం కాదు. వాడాలనుకుంటే ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణలో, మీ అల్లోపతి డాక్టరుకు కూడా చెప్పి వాడండి.

నొప్పి మొదలైన రాత్రి ఏ పండు తినాలి?

ఆ రాత్రికి ఏ పండూ పనిచేయదు. కాలు ఎత్తులో పెట్టుకుని, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, నీళ్లు తాగి, డాక్టరు ముందే రాసిచ్చిన మందు వేసుకోవాలి. అది గౌట్ దాడిని తగ్గించే కాల్చిసిన్ అయితే మొదటి గంటల్లోనే వేసుకుంటే ఫలితం బాగుంటుంది. పూర్వం విరేచనాలు పట్టుకునేదాకా గంటగంటకూ వేసేవాళ్లు. 2010లో వచ్చిన పరీక్షలో మొత్తం 1.8 మిల్లీగ్రాములు వాడితే, 4.8 మిల్లీగ్రాములు వాడినంత ఫలితమే వచ్చింది, కడుపు బాధ బాగా తగ్గింది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు సొంతంగా నొప్పి మాత్రలు మింగకూడదు.

కాల్చిసిన్ కూడా మొక్క నుంచి వచ్చిందే. తమిళనాడు రాష్ట్ర పుష్పమైన అడవినాభిలో అది దండిగా ఉంది, దాని కోసమే ఆ మొక్కను అక్కడ సాగు చేస్తారు. కానీ ఆ దుంప, గింజ ప్రాణాలు తీసే విషం. మొక్క నుంచి వచ్చింది కదా ఏమీ చేయదులే అని ఎవరైనా దుంప అరగదీసి ఇస్తే ముట్టుకోవద్దు. మందుకూ విషానికీ మధ్య ఉన్నది కొన్ని మిల్లీగ్రాముల తేడాయే.

అలోప్యూరినాల్ మానేసి పండ్లతో కంట్రోల్ చేసుకోవచ్చా?

దాడులు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు మానకూడదు. ఆహారం ఎంత జాగ్రత్తగా మార్చినా యూరిక్ యాసిడ్ సుమారు ఒక మిల్లీగ్రాము దిగడమే గొప్ప. 9 ఉన్న మనిషి పండ్లతో 6 కిందికి రావడం జరిగే పని కాదు. 6 కింద నిలకడగా ఉంచితేనే కీళ్లలో పేరుకున్నది నెలల మీద, ఏళ్ల మీద కరుగుతుంది. ఈ మందును కనిపెట్టిన గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. పండ్ల పదార్థాలు నెమ్మదింపజేస్తాయని చెప్పుకుంటున్న గ్జాంథిన్ ఆక్సిడేజ్ మీదే ఇదీ పనిచేస్తుంది, ఎన్నో రెట్లు బలంగా.

అలోప్యూరినాల్ మొదలుపెట్టిన కొత్తలో దాడులు పెరగవచ్చు. పాత స్ఫటికాలు కదలడం వల్ల అలా జరుగుతుంది. మందు పడలేదని చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు. ఆపకండి, డాక్టరుకు చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే మాత్రం వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

సంగటి, నాటుకోడి, పప్పు, టమోటా, చింతపండు?

రాగి సంగటితో ఇబ్బంది లేదు. నాటుకోడి పులుసు వారానికొకసారి రెండు ముక్కలు చాలు. కార్జం, మెదడు, నెత్తళ్లు, రొయ్యలు తగ్గించండి. బీరు మానేయండి. పప్పులు, పాలకూరల వల్ల గౌట్ ముప్పు పెరగలేదని 2004 నాటి పెద్ద అధ్యయనం చెప్పింది, మజ్జిగ, పాలు మేలే చేస్తాయి.

టమోటా మాత్రం కొందరికి పడదు. న్యూజిలాండ్‌లో 2,051 మంది గౌట్ రోగులను అడిగినప్పుడు, తిండి వల్ల నొప్పి వస్తుందన్నవాళ్లలో ఐదింట ఒక వంతు టమోటా పేరు చెప్పారు. మదనపల్లె టమోటా లేని కూర మనకు ఉండదు కాబట్టి రెండు వారాలు మాని చూడండి. తేడా లేకపోతే హాయిగా తినండి. చింతపండు పులుపు యూరిక్ యాసిడ్‌ను పెంచదు.

కొండకు నడిచి వెళ్లి వచ్చిన రాత్రి వేలు వాచింది. ఎందుకు?

అలిపిరి దారిలో 3,550 మెట్లు. చెమటతో ఒంట్లో నీరు తగ్గి యూరిక్ యాసిడ్ చిక్కబడుతుంది, బొటనవేలి కీలు మీద ఒత్తిడి పడుతుంది, కొందరు ఉపవాసంతో ఎక్కుతారు. మూడూ కలిస్తే దాడి రావచ్చు. మెట్టు మెట్టుకూ నీళ్లు తాగుతూ, కడుపులో ఏదైనా వేసుకుని ఎక్కండి. దారిలో సోడాలు, కూల్‌డ్రింకులకు బదులు ఉప్పేసిన మజ్జిగ, దోసకాయ ముక్కలు మంచివి. వేలు వాచి ఉన్న రోజుల్లో మొక్కును వాయిదా వేసుకోండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పండ్ల విషయంలో ఏం చూసుకోవాలి?

పొటాషియం. కొబ్బరినీళ్లు, అరటి, బత్తాయి ఎక్కువైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. నీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలతలోనే తాగాలి. స్టార్ ఫ్రూట్ అసలు తినకూడదు, దానిలోని విషపదార్థం కిడ్నీలు పోయినవాళ్లలో మెదడును దెబ్బతీస్తుంది. కాల్చిసిన్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ రసం తాగొద్దని మందు కాగితం మీదే ఉంటుంది. పంపరపనస దాని దగ్గరి చుట్టం కాబట్టి అదీ పక్కన పెట్టడం మంచిది.

చెర్రీ క్యాప్సూల్స్, క్వెర్సెటిన్ మాత్రలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

క్వెర్సెటిన్ మీద లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు 2016లో 22 మంది మగవాళ్లకు రోజుకు 500 మిల్లీగ్రాములు నాలుగు వారాలు ఇచ్చి చూశారు. యూరిక్ యాసిడ్ సుమారు 0.45 మిల్లీగ్రాములు తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ వాళ్లెవరికీ గౌట్ లేదు. ఆ డబ్బుతో సీజన్ పండ్లు కొనుక్కోమంటాను.

అయితే రోజుకు ఎంత తినాలి?

రెండు పూటలా కలిపి రెండు కప్పుల పండ్ల ముక్కలు, అందులో ఒకటి తీపి తక్కువది. జామ, నేరేడు, బొప్పాయి, ఉసిరి వంటివి. సీతాఫలం, సపోటా, మామిడి, ద్రాక్ష చిన్న కొలతలో.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

ఒకే కీలు వాచి, చలిజ్వరం కూడా వస్తే ఆలస్యం చేయొద్దు. కీలులో చీము పట్టినా ఇలాగే ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో కీలు పాడైపోతుంది. మొదటిసారి వాపు వచ్చినా, మందు వేసిన రెండు రోజులకు తగ్గకపోయినా చూపించుకోవాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీలో చూస్తారు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం, మీరు వాడే బీపీ మాత్రలు, ఆస్పిరిన్, చూర్ణాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. కొన్ని బీపీ మాత్రలే యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి, వాటిని మార్చడం డాక్టరుకు నిమిషం పని.